బడిలో చందాలపట్టీ



ఇటీవల విజయవాడకు చేరువనున్న యొక పల్లెలో, ప్రభుత్వ పాఠశాల తల్లిదండ్రుల సభకు మేము పోయితిమి. వార్షికోత్సవమునకై చందాలు పోగుచేయుటయే నాటి కార్యము. ఒక పెద్దమనిషి లేచి పట్టీ చదివెను. అయిదువేలు, రెండువేలు, వెయ్యి: ఒక్కొక్క పేరునకు చప్పట్లు మ్రోగినవి. తుదకు ‘ఇంకను ఇయ్యనివారు’ అనుచు కొన్ని పేర్లు చదివెను. మినుపచేనిలో కూలిపని ముగించుకొని తిన్నగా వచ్చిన తల్లి యొకతె వాకిటి ప్రక్కనే నిలుచుండెను. తన బిడ్డ పేరు వినబడగనే కొంగు సవరించుకొని మారుమాటలేక వెడలిపోయెను. మూడవ తరగతి చదువు ఆమె కూతురు మాత్రము చాపమీదనే కూర్చుండి నేలచూపులు చూచుచుండెను.

పట్టీ చదివినవారికి దుర్బుద్ధి యేమియు లేదు. బడి బాగుపడవలెననియే వారి తపన. అయినను ఆ చిన్నదాని ముఖము మమ్ము విడువకున్నది. కావుననే ఈ మాసమున ఈ సంగతి ముచ్చటించుచున్నాము.

ప్రభుత్వపు బడి ఒకరి దయచే నడచు సత్రము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు బిడ్డలకు ఉచిత విద్య నొసగుచున్నది. బిడ్డ చదువునకు అడ్డము వచ్చు రుసుమేదియు కూడదనుచున్నది. ఆ చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. బలహీనవర్గముల బిడ్డల తల్లిదండ్రులకు తగిన పాలు దక్కవలెను. చందా నిచ్చినవారికే మాట చెల్లునని అందెచ్చటను లేదు.

మరియొక సంగతి. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలయ్యెను. మరుసటి యేటినుండి తల్లులకు రావలసిన 15,000 రూపాయలలో వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణకై మినహాయింపబడెను. 2025 జూనులో తల్లికి వందనమను పేర సొమ్ము పంచినప్పుడు 13,000 తల్లి ఖాతాకు చేరగా, 2,000 బడుల నిర్వహణకు నిలిపిరి. కూలితల్లి పాలినుండి తీసినదియు, ఆమెకన్న కొంత మెరుగుగనున్న యిల్లాలి పాలినుండి తీసినదియు అవే 2,000. మొదటియామెకు అది ఎన్ని దినముల కూలియో లెక్కించి చూడుడు. ఇట్టి తల్లిని ‘ఇయ్యనివారు’ అని పిలుచుట న్యాయమా? ఆమె భారము మనకంటె హెచ్చు. పట్టీలో పేరు లేదు, అంతియే.

అందరి యొద్దను సమానముగ వసూలు చేసిన న్యాయమే గదా యని కొంద రందురు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగునగరు, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట నీట మునిగినవి. పుస్తకములతో సహా ఇంటిలోని సమస్తమును పోగొట్టుకొన్న వానిని, నీటిచుక్క సోకని వీథివానిని ఒకే మొత్తమడుగుట సమానతయగునా?

ఇది ఒక్క బడిలోపలి సంగతి. బడికిని బడికిని నడుమ మరియొక అంతరము గలదు. డెల్టా స్త్రీలకు కాల్వనీటి సంగతి చెప్పనక్కరలేదు. ఎగువవారు తమ వంతు తీరిన పిదప తూము మూయకున్న శివారుచేలు ఎండిపోవును. చందాల సొమ్మును అట్లే పారుచున్నది. బిడ్డలు అమెరికాలో నున్న పల్లెల బడికి బల్లలు, కంప్యూటర్లు, నీటియంత్రములు వచ్చును. దివిసీమ శివారున చేపలవేటవారి పిల్లలు చదువు బడికి విదేశములందు చుట్టమెవడు?

ఈ చిక్కు మనకే కాదు. కాలిఫోర్నియాలో సాంటా మోనికా, మాలిబూ అను పట్టణములకు ఒకటే విద్యామండలి. సంపన్నులున్న మాలిబూ బడులకు తల్లిదండ్రుల చందాలు వెల్లువగా వచ్చెడివి. తక్కిన కొన్ని బడులకు అత్యల్పము. 2011లో ఆ మండలి, ఉపాధ్యాయుల జీతములకును బోధనకును ఇచ్చు చందాలను ఒకే నిధిగా కూర్చి అన్ని బడులకును పంచవలెనని తీర్మానించెను. మాలిబూ తల్లిదండ్రులు పలువురు దానిని ఎదిరించిరి. తమ బిడ్డకని యిచ్చినది పొరుగు బిడ్డకు పోవుట వారికి కష్టముగ దోచెను. ఆ కష్టము మనకును తెలియనిది కాదు.

పేరు చదువకున్న ఇచ్చువారు తగ్గుదురను భయము కొందరికి గలదు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని పేరుకొరకు వచ్చిన వెయ్యికన్న, ఒక పిల్ల బడికి రాక నిలిచిపోవుట గొప్ప నష్టము. కావున సంఘములందు కూర్చుండు సోదరీమణులకు మా మనవి:

చందా అడుగకముందు, ఇది ప్రభుత్వము చేయవలసినదేమో విచారింపుడు. అయినచో అర్జీ వ్రాయుడు. అడుగవలసి వచ్చిన, మూతగల హుండీ పెట్టుడు. ఎవరెంత వేసిరో ఎవరికిని తెలియనక్కరలేదు. వచ్చిన మొత్తమును, వ్యయమును మాత్రము గోడపై వ్రాసి అంటింపుడు. విహారయాత్రయైనచో తరగతి పిల్లలందరును పోవలెను, లేదా యెవరును పోరాదు. సొమ్ము లేనివారు పని చేయవచ్చునని చెప్పి, ఊడ్చుట కడుగుట కూలితల్లులకే విడువరాదు. పని చేసిన అందరును చేయవలెను. సభను సాయంకాలము పెట్టుడు. పగలు పెట్టిన కూలికి పోవు తల్లి ఒకదినపు కూలి నష్టపడి రావలెను. విదేశములనుండి సొమ్ము వచ్చిన బడివారు, పదింట నొక వంతైనను పొరుగు బడికి విడువుడు.

మేము మరల ఆ బడికి పోయితిమి. ఆ పిల్ల బడిలోనే యున్నది. తల్లి మాత్రము సభలకు వచ్చుట మానినదట. పట్టీ చదివిన పెద్దమనిషితో ఈ మాటలే చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, ‘వచ్చే యేడు హుండీ పెట్టెదమమ్మా’ యనెను. ఆ తల్లిని పిలుచుకొని వచ్చుట మాత్రము హుండీ చేయగల పని కాదు. అది ఆమె యింటి గడపకు పోయి మనము చేయవలసినది.