వారంటీ కూడా వాగ్దానమే

ఆన్‌లైన్‌లో తెప్పించిన మిక్సీ నెలకే ఆగిపోయిందని, వారంటీ ఉన్నా అమ్మినవారు ముఖం చాటేస్తున్నారని తాడేపల్లిగూడెం నుంచి, కొల్లేటి లంకల నుంచి సోదరీమణులు మాతో మొరపెట్టుకుంటున్నారు. 'పోనీలే, మన నసీబు' అని ఊరుకోవడం సబర్ కాదు. కొన్నప్పుడే లోపమున్న సరుకును తిప్పి ఇచ్చే హక్కును మన ఫిఖహ్ 'ఖియారె ఐబ్' పేరుతో ఏనాడో గుర్తించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టమూ సొమ్ము వాపసు కోరే హక్కు ఇచ్చింది.

బిల్లు, వారంటీ కార్డు భద్రపరచండి. ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. కదలకుంటే 1915కు ఫోన్ చేయండి. అదీ ఫలించకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. ఏలూరులో కమిషన్ ఉంది. అమ్మినవారు ఏ ఊరివారైనా మీరున్న చోటే వేయవచ్చు. 5 లక్షల వరకు ధరకు ఫీజు లేదు.

అయితే మన చేతిలో పగిలినదాన్ని కంపెనీ లోపమనడమూ మోసమే. హక్కు అడిగే నోరు నిజమే పలకాలి.