అమ్మానాన్నల ఆరు నెలలు

మే నెల వచ్చేసరికి ఇల్లినాయిలోని మన అరోరాలో పెద్దవాళ్ల సందడి పెరుగుతుంది. శనివారం పూట సల్లివాన్ రోడ్డు మీది బాలాజీ గుడికి వెళ్తే ఆ సంగతి తెలిసిపోతుంది. నేతచీర మీద స్వెట్టరు, కాళ్లకు కోడలు కొనిపెట్టిన స్పోర్ట్స్ బూట్లు. ప్రసాదం వరుసలో కొత్తగా పరిచయమైనవాళ్లు ఒకరినొకరు అడిగేవి రెండే ప్రశ్నలు: "ఎప్పుడొచ్చారు?", "ఎన్నాళ్లుంటారు?" రెండోదానికి తరచుగా వినిపించే జవాబు: "మాకేమండీ, పదేళ్ల వీసా ఉంది."

ఈ జవాబులోనే చిక్కంతా ఉంది. ఎన్నాళ్లు ఉండవచ్చో వీసా చెప్పదు. పెళ్లి శుభలేఖ మనల్ని రమ్మంటుంది. విడిదిలో గది ఎన్ని రోజులకు ఇస్తారో వెళ్లాక పెళ్లివారు చెప్తారు. పాస్‌పోర్టులో అంటించిన వీసా ఆ శుభలేఖ లాంటిది. విడిది గడువు చెప్పే కాగితం పేరు ఐ-94. ఈ నెల మాట్లాడుకోవలసింది దాని గురించే. ముందే ఒక మాట: నేను లాయరును కాను. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక ఏ పనికైనా ముందు ప్రభుత్వ వెబ్‌సైట్లు చూసుకోండి. చిక్కు ముడి పడితే లాయరునే అడగండి.

దిగిన మర్నాడే చూడవలసిన తేదీ

ఓహేర్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి బి-2 సందర్శకులకు మామూలుగా ఆరు నెలల గడువు ఇస్తారు. మే 10న దిగితే నవంబరు 9 వరకు అన్నమాట. ఒకప్పుడు పాస్‌పోర్టులో తెల్ల కార్డు ఒకటి పిన్ను చేసి ఇచ్చేవారు. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్లకు అది పోయింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో మనమే చూసుకోవాలి. అమ్మానాన్నలు జెట్‌లాగ్‌తో నిద్రపోతున్నప్పుడే ఆ పని చేసేయండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, బి-2 అన్న తరగతి, గడువు తేదీ సరిచూసి ఒక ప్రతి ప్రింటు తీసి పెట్టుకోండి.

మన పెద్దవాళ్ల విషయంలో రెండు చిక్కులు తరచు వస్తాయి. మొదటిది పేరు. పాత పాస్‌పోర్టులు కొన్నింటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటప్పుడు అమెరికా వీసా మీద ఆ మొత్తం పేరును ఇంటిపేరుగా వేసి, అసలు పేరు ఉండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని వేస్తారు. పేరు తెలియదని దాని అర్థం. ఐ-94 వెతికేటప్పుడు కూడా అలాగే కొడితే దొరుకుతుంది. రెండోది పాస్‌పోర్టు గడువు. పాస్‌పోర్టు త్వరలో ముగిసిపోతుంటే ఐ-94 తేదీని అక్కడికే కుదించే సందర్భాలున్నాయి. కాబట్టి ప్రయాణానికి ముందే పాస్‌పోర్టు కొత్తది చేయించడం మేలు. పాత పాస్‌పోర్టులోని వీసా చిరగకుండా, చెడకుండా ఉంటే దాని గడువు వరకు చెల్లుతుంది. రెండు పాస్‌పోర్టులూ చేతిసంచిలో ఉండాలి. పాతదాన్ని సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన పెట్టకండి.

చూడటానికా, చూసుకోవడానికా?

"ఎందుకు వచ్చారు?" అని అధికారి అడుగుతారు. మన అమ్మలు నిజాయితీగా "మనవణ్ణి చూసుకోవడానికి" అంటారు. తెలుగులో చూడటానికీ చూసుకోవడానికీ మధ్య ఉన్నది ప్రేమే. అదే మాట ఇంగ్లీషులోకి వెళ్లేసరికి బేబీ సిట్టింగ్ అవుతుంది, అంటే ఉద్యోగం. బి-2 మీద వచ్చినవాళ్లు పని చేయకూడదు. అమ్మమ్మ మనవణ్ణి ఎత్తుకుంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ డే కేర్ ఖర్చు తప్పించుకోవడానికి ఆరు నెలలకు మనిషిని రప్పించారన్న అనుమానం కలిగితే ప్రశ్నలు పెరుగుతాయి.

అందుకని అబద్ధం నేర్పించి పంపకండి. అధికారికి తెలిసీ తప్పు చెప్పినట్టు తేలితే జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు. అమ్మానాన్నలకు నేర్పవలసింది నిజాన్ని క్లుప్తంగా చెప్పడం: ఎవరి దగ్గర ఉంటారు, ఏ ఊళ్లో ఉంటారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు. తిరుగు టికెట్టు కాగితం చేతిలో ఉండాలి. ఇంగ్లీషు రాకపోతే వచ్చినట్టు తలూపవద్దని మరీ మరీ చెప్పండి. "తెలుగు" అని ఒక్క మాట అంటే చాలు, దుబాసీని అడిగినట్టే.

హైదరాబాదు నుంచి అబుదాబి మీదుగా వచ్చేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ 2014 నుంచి అమెరికా అధికారుల తనిఖీ కేంద్రం ఉంది. ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ అక్కడే పూర్తవుతాయి. చికాగోలో దిగాక మామూలు ప్రయాణికుల్లా బయటికి రావడమే. అంటే అసలు ప్రశ్నలు అడిగే చోట మనం ఫోనుకు అందేంత దూరంలో కూడా ఉండకపోవచ్చు. వాళ్ల చేతిలో మన చిరునామా, ఫోను నంబరు రాసిన కాగితం ఉండితీరాలి.

గడువు పెంచుకోవాలంటే

కోడలి కాన్పు ఆలస్యమవుతుంది, లేదా నాన్నగారికి ఇక్కడే వైద్యం అవసరమవుతుంది. అలాంటప్పుడు ఐ-539 అనే దరఖాస్తు ఉంది. ఐ-94 తేదీ లోపల పెట్టాలి. కనీసం 45 రోజుల ముందు పెట్టమని ఇమిగ్రేషన్ శాఖే సలహా ఇస్తుంది. 2024 ఏప్రిల్ 1న వచ్చిన మార్పు ప్రకారం రుసుము ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద అయితే 470. దంపతులిద్దరూ ఒకే దరఖాస్తులో చేరవచ్చు. రెండోవారికి ఐ-539ఏ జతచేయాలి. ఎందుకు ఉండాలి, ఎప్పుడు వెళ్తారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, స్వదేశంలో ఇల్లూ వాకిలీ ఏమున్నాయి అన్నవి కాగితాలతో సహా చూపాలి.

వేళకు పెట్టిన దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం అక్రమంగా ఉన్నట్టు లెక్క కాదు. తీర్పు వచ్చేలోపు పెద్దవాళ్లు ఊరు చేరిపోవడం కూడా మామూలే. రసీదు, తిరుగు ప్రయాణపు బోర్డింగ్ పాసులు మాత్రం భద్రంగా దాచాలి. మళ్లీ వచ్చినప్పుడు అడిగే అవకాశముంది. ఐ-94 తేదీ దాటాక 'కుదరదు' అని జవాబు వస్తే ఆ మర్నాటి నుంచే అక్రమ నివాసపు లెక్క మొదలు. వీసాకూ ముప్పే. అప్పుడిక టికెట్టు ధర చూసుకోకుండా బయల్దేరాలి.

దరఖాస్తు పెట్టకుండా ఒక్కరోజు ఎక్కువ ఉన్నా చట్టప్రకారం ఆ పదేళ్ల వీసా రద్దయినట్టే. 180 రోజులు దాటి ఉండి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు అమెరికాలో అడుగు పెట్టనివ్వరు.

నయాగరా దారిలో

"కెనడా వెళ్లొస్తే మళ్లీ ఆరు నెలలు ఇస్తారటగా?" అని అడిగేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. కొన్ని దేశాల్లో సరిహద్దు దాటి వచ్చి గడువు పెంచుకునే అలవాటు ఉంది. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోవద్దు. 30 రోజుల్లోపు కెనడా వెళ్లొస్తే సాధారణంగా పాత ఐ-94 తేదీయే కొనసాగుతుంది. కొత్త గడువు ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి ఇష్టం. పైగా భారతీయ పాస్‌పోర్టుతో కెనడా వెళ్లాలంటే అమెరికా వీసా ఉన్నా సరే కెనడా వీసా వేరే కావాలి. మనకు గ్రీన్ కార్డు ఉంటే మనకు అక్కర్లేదు, వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నలకు మాత్రం కావాలి.

అరోరా నుంచి నయాగరాకు 500 మైళ్లకు పైనే. మ్యాప్ పెడితే డెట్రాయిట్ దగ్గర వంతెన దాటి, కెనడాలోని ఆంటారియో మీదుగా వెళ్లే దారిని కూడా చూపిస్తుంది. పిల్లలు నిద్రలో, మనం పాటల్లో ఉండగా ఆ వంతెన ఎక్కేస్తే మధ్యలో బండి తిప్పుకోవడం కుదరదు. కెనడా అధికారి వెనక్కి పంపినా, తిరిగి వచ్చేటప్పుడు అమెరికా అధికారికి జవాబు చెప్పుకోవాలి. క్లీవ్‌లాండ్ మీదుగా వెళ్లే ఐ-90 దారే పెట్టుకోండి. అమెరికా వైపు నుంచి కూడా జలపాతం చక్కగా కనిపిస్తుంది, పడవా ఎక్కవచ్చు.

సంతకం ఎవరిది?

ఇదంతా తెలిసినవాళ్లు కూడా ఒక సంగతి మరిచిపోతుంటారు. ఐ-539 మనం నింపినా దరఖాస్తుదారు అమ్మ. అందులో రాసినదంతా నిజమని సంతకం చేసేది ఆవిడ. "ఇంకో ఆరు నెలలు ఉంటావుగా?" అని భోజనాల దగ్గర అడిగితే ఏ అమ్మా కాదనదు. కాదనలేదు కనుక ఉండాలని ఉందనుకోవడం పొరపాటు.

అక్టోబరు చివరికి అరోరాలో సాయంత్రాలు కురచబడతాయి. కారు నడపలేని పెద్దవాళ్లకు గుడి అయినా, సాటి మనిషైనా శనివారానికే. మనం ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్లాక ఆ ఇంట్లో ఎనిమిది గంటలు ఎలా గడుస్తాయో మనం చూడం. అవతల ఊళ్లో కౌలు లెక్కలు, ఇంటి అద్దె, చెల్లెలి కూతురి పెళ్లి ఎదురు చూస్తుంటాయి. నాన్నగారు కేంద్ర ప్రభుత్వ పింఛనుదారైతే ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మేలో వచ్చినవాళ్ల గడువు ముగిసేదీ అప్పుడే. కాబట్టి దరఖాస్తు తెరిచే ముందు ఇద్దరినీ విడివిడిగా, తీరికగా అడగండి. జవాబు రావడానికి రెండు రోజులు పడితే ఆగండి.

ఈ వీసా విలువ మనకు తెలియనిది కాదు. హైదరాబాదులో 2008లో అమెరికా కాన్సులేటు తెరిచేదాకా మనవాళ్లు చెన్నై దాకా వెళ్లేవారు. ఇప్పుడు నానక్‌రామ్‌గూడ అందుబాటులో ఉన్నా, 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా పునరుద్ధరణ బాగా కష్టమైంది. పాత బి వీసా ముగిసిన 12 నెలల్లోపు దరఖాస్తు పెడితేనే ఆ అవకాశం ఉంటుంది, అదీ మిగతా షరతులు కుదిరితే. వీసా ముగిసే తేదీని కూడా క్యాలెండరులో రాసి పెట్టండి.

ఏదో ఒక రాత్రి మనకే ఆపరేషను అవసరమై, అమ్మ వెంటనే బయల్దేరి రావలసిన రోజు రావచ్చు. ఆ రోజు పనికొచ్చేది పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న వీసా, తేదీ తప్పని పాత రికార్డు. ఈ శీతాకాలం ఇంకో నెల ఉంచుకోవాలన్న ఆశతో దాన్ని పోగొట్టుకోకండి.