లెక్క చూసేవాళ్ళు లెక్కలోకి రారా?

మన ఊళ్ళలో గుడికి ఒక ట్యూబులైటు ఇచ్చినా దాని మీద దాత పేరు రాస్తారు. వెలుతురు కాస్త తగ్గినా ఫర్వాలేదు, పేరు మాత్రం కనపడాలి. ఇందులో తప్పేమీ లేదు. ఇచ్చినవాడిని నలుగురూ గుర్తుంచుకుంటేనే మరొకడికి ఇవ్వాలనిపిస్తుంది. రాజపాళయానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన మన పి.ఎస్. కుమారస్వామి రాజా తన సొంత ఇంటినే గాంధీ కళామండ్రానికి ఇచ్చేశారు. ఆ దానాన్ని ఊరు మరచిపోలేదు.

అయితే దానాల్లో ఎవరికీ కనిపించనిది ఒకటుంది. ఇంజనీరింగు కాలేజీల్లో పాఠాలు చెప్పే మాస్టార్లు రాత్రిపూట ఇంట్లో కూర్చుని, ఎవరో రాసిన పరిశోధన పత్రాన్ని చదివి, తప్పొప్పులు చూసి పంపుతారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. అంటే సాటి నిపుణుల సమీక్ష. దీనికి జీతం లేదు, భత్యం లేదు. చాలాచోట్ల పేరు కూడా ఉండదు. సివిల్ ఇంజనీరింగులో ఇది ఎంత పెద్ద పనో, దాన్ని మనం ఎంత చిన్నచూపు చూస్తున్నామో ఇప్పుడైనా మాట్లాడుకోవాలి.

సిమెంటు సంగతి మనకు కొత్త కాదు. ఈ ఊరివాళ్ళు పెట్టిన సిమెంటు కంపెనీ విరుదునగర్ దగ్గర ఆర్.ఆర్. నగర్‌లో మొదలై, ఆంధ్రలో జగ్గయ్యపేట పక్కన జయంతిపురం దాకా వెళ్ళింది. 2013లో ఇక్కడే రామ్‌కో ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. కృష్ణన్‌కోవిల్‌లో కలశలింగం విద్యాసంస్థ 1984 నుంచీ ఉంది. ఆంధ్ర నుంచి వచ్చి అక్కడ చదువుకునే పిల్లలు ఎందరో. కాబట్టి ఇది ఎక్కడో అమెరికాలో జరిగే వ్యవహారం అనుకోనక్కర్లేదు. మన వీధిలో ఉన్న మాస్టారి పని ఇది.

ఆయన చేసేదేమిటో చూడండి. సిమెంటులో కొంత తగ్గించి ఫ్లైయాష్ కలిపితే కాంక్రీటు బలం పెరిగిందని ఒకరు పత్రం రాశారనుకుందాం. సమీక్షకుడు ముందు అడిగేది, ఎన్ని దిమ్మలు పోశారు? ఒక్క దిమ్మను నలిపి చూసి లెక్క చెబితే చెల్లదు. మన ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మూడు దిమ్మల సగటు తీసుకోవాలి. ఆ మూడింటిలో ఏదీ సగటుకు 15 శాతం కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. 28 రోజులు నీళ్ళలో ఉంచారా? నీరు, సిమెంటు పాళ్ళు ఎంత? ఫ్లైయాష్ ఎక్కడిది? ఇలాంటి పది ప్రశ్నలు వేస్తాడు. రాసినవాళ్ళు జవాబు చెప్పలేకపోతే పత్రం వెనక్కి పోతుంది. చెప్పగలిగితే ఇంకా గట్టిపడి అచ్చవుతుంది. మేస్త్రి గోడ కట్టాక తాడుకు గుండు కట్టి వేలాడదీసి, నిటారుగా ఉందో లేదో చూస్తాడు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ గోడ కట్టింది ఒకరు, గుండు వేసి చూసేది ఇంకొకరు.

‘కాగితం మీది తప్పే కదా, దానికింత హడావిడి ఎందుకు?’ అనొచ్చు. సివిల్ ఇంజనీరింగులో కాగితం కాగితంగా ఉండిపోదు. ఇవాళ పత్రంలో ఉన్న అంకె రేపు పాఠ్యపుస్తకంలోకి, ఎల్లుండి ప్రమాణాల్లోకి, ఆ తర్వాత మన ఇంటి శ్లాబులోకి వస్తుంది.

రెండో కన్ను లేకపోతే ఏమవుతుందో కెనడాలోని క్విబెక్ వంతెన చూపించింది. దానికి సలహాదారుగా ఉన్న థియోడర్ కూపర్ ఆ రోజుల్లో పేరుమోసిన ఇంజనీరు. స్తంభాల మధ్య దూరాన్ని 1600 అడుగుల నుంచి 1800 అడుగులకు పెంచారు. కానీ వంతెన సొంత బరువు లెక్కను సరిగా మళ్ళీ వేయలేదు. ప్రభుత్వ ఇంజనీరు చేత పరిశీలన చేయిస్తామంటే కూపర్‌కు అది నచ్చలేదు. 1907 ఆగస్టు 29న కడుతుండగానే వంతెన కుప్పకూలి 75 మంది కార్మికులు చనిపోయారు. పెద్ద ఇంజనీరు లెక్కను కూడా మరొకరు చూడాలన్న పాఠం అంత ఖరీదుకు దొరికింది.

మనకు ఇంకా దగ్గరి గాయం చెన్నై మౌలివాక్కం. 2014 జూన్ 28న కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. పొట్ట చేతపట్టుకుని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన మన కూలీలు వారిలో ఎందరో ఉన్నారు. ఆ ప్రమాదానికి ఏదో పరిశోధన పత్రం కారణమని అనడం లేదు. కానీ లెక్కలో లోటు ఉంటే దాన్ని ప్రాణాలతో కట్టేది ఎవరో ఆ రోజు తెలుగువాళ్ళకు బాగా తెలిసొచ్చింది. అందుకే లెక్క సరిచూసే పని ఏదైనా సరే, మనకు అక్కరకొచ్చే పనే.

ఇక ఈ ఉచిత సేవ ఎంతో చూద్దాం. ఒక్క 2020లోనే ప్రపంచమంతా కలిసి అన్ని శాస్త్రాల్లో సమీక్షలకు పెట్టిన సమయం 10 కోట్ల గంటల పైమాటేనని 2021లో అచ్చయిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఒకే మనిషి చేస్తే 15 వేల ఏళ్ళు పట్టే పని! పత్రికలు వేసే పెద్ద పెద్ద కంపెనీలు చందాల మీద, అచ్చు రుసుముల మీద లాభాలు తీస్తున్నాయి. పరీక్ష పేపరు దిద్దితే యూనివర్సిటీ పేపరుకింత అని ఇస్తుంది. పీహెచ్‌డీ థీసిస్ చూస్తే పారితోషికం ఉంది. పరిశోధన పత్రం చూస్తే మాత్రం ఒక థ్యాంక్యూ ఈ-మెయిలు వస్తుంది. అది కూడా కంప్యూటరు తనంతట తాను పంపేదే.

డబ్బు సంగతి అలా ఉంచండి. మాస్టారి ప్రమోషన్‌కైనా పనికొస్తుందా అంటే అదీ లేదు. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో ఇంజనీరింగు వాళ్ళకు ఒక పత్రం రాస్తే 8 మార్కులు వేశారు. ఇరవై పత్రాలు చదివి అందులో పన్నెండు చెత్తవని ఆపినవాడికి ఆ పట్టికలో గడి లేదు. మరి ఎవడైనా దేనికోసం పరుగెత్తుతాడు? రాయడానికే. చూడటానికి తీరిక ఎవరికుంటుంది? ఇంకో అన్యాయమూ ఉంది. కొన్నిచోట్ల సమీక్ష ప్రొఫెసర్‌కు వస్తుంది, పని మాత్రం పరిశోధన విద్యార్థి చేస్తాడు. పంపేటప్పుడు విద్యార్థి పేరు ఉండదు. అసలే పేరులేని పనిలో అతనిది మరీ పేరులేని పని.

చూసేవాళ్ళను చిన్నచూపు చూస్తే వచ్చే నష్టం కళ్ళముందే ఉంది. హిందావి సంస్థ పత్రికల్లో అచ్చయిన 8 వేలకు పైగా పత్రాలను 2023లో ఉపసంహరించారు. ఆ సంస్థను కొన్న వైలీ కంపెనీ చివరికి హిందావి పేరునే వదిలేసుకుంది. సమీక్ష ప్రక్రియలో చొరబడి దొంగ సమీక్షలతో పత్రాలు గట్టెక్కించారన్నది ముఖ్యమైన కారణం. కాపలావాడిని పట్టించుకోకపోతే ఆ కుర్చీలో దొంగ కూర్చుంటాడు.

గుర్తింపు వద్దనేవాళ్ళు రెండు మాటలు చెబుతారు. ఒకటి, సమీక్షకుడి పేరు బయటపడితే పగలు పెరుగుతాయని. ఇది నిజమే. పెద్దవాడి పత్రాన్ని కాదన్న చిన్న లెక్చరరుకు రేపు ఉద్యోగంలో ఇబ్బంది రావచ్చు. అందుకే ఏ పత్రం ఎవరు చూశారో చెప్పక్కర్లేదు. ఈ ఏడాది మా పత్రికకు సాయం చేసినవారు వీరు అని అందరి పేర్లూ కలిపి ఒక జాబితా వేస్తే చాలు, గుట్టు గుట్టుగానే ఉంటుంది. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం తన పత్రికల ఉత్తమ సమీక్షకుల పేర్లు ఇలాగే ప్రకటిస్తోంది. సమీక్షల పద్దు రాయడానికి 2012లో న్యూజిలాండ్‌లో మొదలైన పబ్లాన్స్ 2022లో వెబ్ ఆఫ్ సైన్స్‌లో కలిసిపోయింది. అంటే దారి ఉంది, నడవాల్సింది మనమే.

రెండో మాట, మార్కులు పెడితే నాలుగు ముక్కలు గీకి పంపేవాళ్ళు తయారవుతారని. ఈ భయమూ ఉత్తదేం కాదు. అందుకే ఎన్ని చూశారన్నది కాదు, ఎలా చూశారన్నది లెక్కలోకి రావాలి. ఆ సంగతి పత్రిక సంపాదకుడికి తెలుసు. ఆయన సంతకంతో ఇచ్చిన ధ్రువీకరణకే విలువ ఇవ్వాలి.

కాబట్టి అడిగేది పెద్ద కోరికేమీ కాదు. మన దేశపు సివిల్ ఇంజనీరింగు పత్రికలన్నీ ఏటా సమీక్షకుల జాబితా వేయాలి. విద్యార్థి సాయం చేసి ఉంటే ఆ పేరూ అందులో రావాలి. యూజీసీ, ఏఐసీటీఈ ప్రమోషన్ల పట్టికలో ఈ పనికి ఒక గడి తెరవాలి. కాలేజీ యాజమాన్యాలు దీన్ని మాస్టారి సొంత సరదాగా చూడటం మాని, పనిగంటల్లో కలపాలి.

ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం చేస్తాం, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పటానికి దండ వేస్తాం. ఆ ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రలోని ఊరే. అంతర్జాతీయంగా సమీక్షకుల వారం జరిపేదీ సెప్టెంబరులోనే. ఈసారి ఆ సభలో మంత్రిగారికి, ఎమ్మెల్యేగారికి కప్పే శాలువాల్లో ఒకటి తగ్గించి, ఏడాదంతా ఎదుటివారి లెక్కలు సరిచూసిన ఒక మాస్టారికి కప్పండి. రాజపాళయం కాలేజీలే ఆ మంచి పని మొదలుపెడితే, మిగతా ఊళ్ళు వెనకే వస్తాయి.