ఇసుక పళ్ళెంలో ‘అ’

కొత్తపేట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. “అక్కయ్యగారూ! మా బాబుకి మూడేళ్ళు నిండాయి. ఇంటికి దగ్గరని చర్చి వాళ్ళ చిన్నపిల్లల బడిలో వేశాం. ఆర్నెల్లయినా ‘అ ఆ’లు రాయడం రాలేదు. ఏం చేశావురా అంటే చింతపిక్కలు ఆడాం, బొమ్మని నిద్రపుచ్చాం అంటాడు. మా తోటికోడలి పాప ఇంకో బడిలో ఎ నుంచి జడ్ దాకా గబగబా రాసేస్తోంది. దసరాకి మాన్పించేద్దామని మా వారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?” అని.

తొందరపడి మాన్పించకమ్మా! మిగతావాళ్ళు కూడా ఇది వినండి. ఇంటింటా ఉన్న గొడవే ఇది.

మా రాజోలు వైపు చర్చిలూ వాటి బడులూ కొత్త కాదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఇంగ్లండు నుంచి భార్యలతో సహా వచ్చి, గోదావరికి అవతలి ఒడ్డున నరసాపురంలో స్థిరపడ్డారు. అప్పట్నుంచీ ఈ డెల్టాలో ఆ పని సాగుతూనే ఉంది. మా ఊళ్ళో కూడా చర్చి వరండా పక్క గదిలో చిన్నపిల్లల తరగతి ఒకటి ఉంది. మా ఆడపడుచు మనవరాల్ని దింపడానికి నేనే వెళ్తుంటాను. దింపి వచ్చెయ్యకుండా కాసేపు కూర్చోవడం నాకలవాటు.

పొద్దున్నే చేతులు జోడించి చిన్న ప్రార్థన, ఒక పాట. అది కాగానే పిల్లలు తలో మూలకీ వెళ్తారు. ఒక మూల కొబ్బరిచిప్పలు, ఇసుక తొట్టి. పెద్ద చిప్ప నిండాలంటే చిన్న చిప్పతో ఎన్నిసార్లు పొయ్యాలి? ఒకడు మూడంటాడు, ఇంకొకడు నాలుగంటాడు. ఇద్దరూ పోట్లాడుకుని మళ్ళీ కొలుస్తారు. చూశారా, లెక్కలు అక్కడే మొదలయ్యాయి! ఇంకో మూల కొబ్బరాకు బూరలు, ఈనెపుల్లలు. పుల్లల్ని పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా పేర్చాలి. మరో మూల ఇల్లు. అందులో బుల్లి గిన్నెలు, గుడ్డ బొమ్మలు.

ఆ ఇంట్లోనే నేనొకటి చూశాను. బళ్ళో చేరి రెండు నెలలైనా నోరు విప్పని పిల్లడొకడున్నాడు. వాడు ఒకనాడు బొమ్మకి ఖాళీ గ్లాసు అందించి “కాలుద్ది, ఊదుకుని తాగు” అన్నాడు. టీచరమ్మ విన్నది గానీ చప్పట్లు కొట్టలేదు, అందర్నీ పిలిచి చూపించలేదు. మెల్లగా వెళ్ళి “నాకూ కొంచెం టీ పోస్తావా?” అని అడిగింది. వాడు పోశాడు. ఆ సంగతి ఏ కాపీ పుస్తకంలో కనిపిస్తుంది చెప్పండి?

ఇక రాత సంగతి. అక్కడ పెన్సిలు లేదు, పళ్ళెంలో సన్న ఇసుక ఉంది. వేలితో దిద్దాలి. తప్పొస్తే పళ్ళెం ఒకసారి కుదిపితే సరి, ఎర్రసిరా గీత ఉండదు. ఇదేదో దొరల విద్య అనుకునేరు! మన వీధిబళ్ళలో ఉన్నదే. మద్రాసు ఎగ్మూరులో సిపాయిల అనాథ పిల్లల ఆశ్రమాన్ని చూసుకునే ఆండ్రూ బెల్ అనే మతగురువు, మన దేశపు బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూసి తన బళ్ళోనూ పెట్టాడు. ఆయన ఆ బాధ్యత తీసుకున్నది 1789లో. తిరిగి ఇంగ్లండు వెళ్ళి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడి చర్చి బళ్ళలో అది ‘మద్రాసు పద్ధతి’ అయి కూర్చుంది. మన ఇసుక సీమకెళ్ళి పేరు తెచ్చుకుంటే, మనం దాన్ని చూసి చదువు కాదంటున్నాం!

1907లో రోములో పేదల పిల్లలకి బడి పెట్టిన మాంటిస్సోరి అమ్మగారు కూడా గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, ముందు వేలితో తడమమంది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లని తయారు చేసింది.

మూడేళ్ళ పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఆ చేతికి పెన్సిలిచ్చి రెండేసి పేజీలు రాయమంటే నొప్పి పుట్టదూ? పిండి పిసకడం, పూసలు గుచ్చడం, గుడ్డ పిండడం... ఇవన్నీ ఆ వేళ్ళకి కసరత్తు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా ఈ వయసు వాళ్ళకి ఆటపాటలతోనే నేర్పమంది. మీవారికి సర్కారు మాటంటే గురి ఉంటే ఇది చెప్పు.

అలాగని ఆటల బడి అని బోర్డున్న ప్రతిదీ మంచిదని నేననను. నలభై మందిని టీవీ ముందు కూచోబెట్టి ఆటపాటలనేవాళ్ళూ ఉన్నారు. అందుకే మీవారిని ఒక్క పూట సెలవు పెట్టి ఆ వరండాలో అరగంట కూర్చోమను. టీచరు పిల్లల ఎత్తుకి వంగి మాట్లాడుతోందా? పిల్లలు ప్రశ్నలడుగుతున్నారా? బడి అయ్యాక పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేస్తున్నారా? ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు కదా, ఇది ముఖ్యం. ఇంకో మాట. ఇంట్లో గానీ బళ్ళో గానీ గురివింద గింజలు మాత్రం వద్దే వద్దు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, నమిలితే ప్రాణం మీదికొచ్చే విషం.

మీ అత్తగారు ప్రార్థన గురించి గొణుగుతున్నారని ఉత్తరం చివర రాశావు. వెళ్ళి టీచర్నే అడుగు, దాచుకునేదేముంది? మా ఊళ్ళో హిందువుల పిల్లలు ఉంటారు, సాయిబుల పిల్లలూ ఉంటారు. వద్దన్న ఇళ్ళ పిల్లల్ని ఆ అయిదు నిమిషాలూ ఇసుక దగ్గర ఆడుకోనిస్తారు. మీ దగ్గర ఎలాగో కనుక్కుని, ఇష్టమైతేనే పంపు.

తోటికోడలి పాపతో పోలిక మాత్రం బాబు ముందు తేకమ్మా. ఆ పిల్ల రాసేది ఆ పిల్లది. సాయంత్రం నువ్వు వంట చేసేటప్పుడు కందులు, పెసలు, బొబ్బర్లు కలిపి చేటలో పోసి, నీ కళ్ళెదుటే ఏరమను. ఏరాక ఏవి ఎక్కువున్నాయో అడుగు.

బళ్ళో పుట్టినరోజులకి చాక్లెట్లు పంచుతున్నారని విసుక్కున్నావు కదా, కొబ్బరుండలు చేసి పంపు. రెండు కప్పుల కొబ్బరికోరుకి ఒక కప్పు బెల్లం చాలు. పాకం ఉండకట్టే పదునుకి రాగానే కోరు వేసి, యాలకుల పొడి చల్లి, దగ్గరపడ్డాక దింపి, చేతికి నెయ్యి రాసుకుని ఉసిరికాయంత చుట్టు. పాకం ముదరనివ్వకు, చిన్నపళ్ళకి కొరుకుడుపడవు.