వాద్యమునకు స్వంత గొంతు

మా హొళగుంద ప్రాంతమున పాటకు కొరత లేదు. తెలుగును కన్నడమును ఒకే అరుగుమీద కూర్చుండి మాటలాడుకొను సీమ యిది. తంబుర మీటుచు తత్త్వములు పాడువారిని, భజన గుంపులను ఇచ్చట నేటికిని చూడవచ్చును. కాని జాతరలందు మనకు వినబడునది వారి పాటయేనా? స్తంభమునకు కట్టిన లౌడుస్పీకరు పాడుచుండగా, పాడువాడు దాని నీడలో పెదవులు కదపువానివలె కనబడుచున్నాడు. వాని గొంతు సెట్టు అద్దెకిచ్చినవాని చేతిలో నున్నది. కరెంటు పోయినచో పాటయు పోవును.

ఈ చింతలో నుండగా నా విద్యార్థి యొకడు తాను స్వయముగా చేసిన ఎలక్ట్రిక్ గిటారును తెచ్చి చూపెను. పాత టేకు తలుపుచెక్కను కోసి దాని ఒడలు చేసినాడు. వెనుక గుంట తొలిచి, చిన్న స్పీకరును, 9 వోల్టుల బ్యాటరీని, అగ్గిపెట్టెంత యాంప్లిఫయరును అందే అమర్చినాడు. వేరొక పెట్టె లేదు. గోడకు పోవు తీగ లేదు. వాడు మీటగా ఆ తలుపుచెక్కయే పలికినది.

ఇందలి రహస్యము సులభమే. అయస్కాంతమునకు సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి ఉక్కుతీగల క్రింద నుంచినచో, ఆ తీగల కదలికవలన చుట్టలో అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఎల్.ఎం. 386 అను చిన్న ఐ.సి. 20 మొదలు 200 రెట్లవరకు పెంచును. శబ్దము లేని వేళ అది కోరు కరెంటు సుమారు 4 మిల్లియాంపియర్లు మాత్రమే. మొదట వాని గిటారు ఊళ పెట్టినదట. స్పీకరు చెక్కను కదపగా, ఆ కదలికనే చుట్ట మరల గ్రహించి స్పీకరునకు పంపుటయే దానికి కారణము. చుట్టను కరిగిన మైనములో ముంచి, స్పీకరు క్రింద రబ్బరు వేసి, ధ్వని కొంత తగ్గించిన పిమ్మట అది నెమ్మదించినది. తన మాట తనకే మరల మరల వినబడినచో మనుష్యులును ఇట్లే కేకలు వేయుదురు గదా!

కొందరు పెద్దలు దీనిని విని, వాద్యములో బ్యాటరీ యేమి, అపచారమనిరి. నేను ఒప్పుకొనను. తంబురకు బుర్ర యెందుకు? తీగ యొక్కటియే గాలిని చాలినంత కదపజాలదు గనుక. బొబ్బిలి వడ్రంగులు పనసమ్రానును తొలిచి వీణకు కుండ చేయుటయు అందులకే. గుల్ల లేని గట్టి చెక్కకు బ్యాటరీ ఆ బుర్ర పని చేయుచున్నది. విద్యుత్తు రాగమునకు శత్రువు కాదని 1969లో పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పైని కర్ణాటక సంగీతమును పలికించి నిరూపించినారు.

మరికొందరు అర వాటు ధ్వని యెవరికి చాలునందురు. దసరా రాత్రి దేవరగట్టున మాళ మల్లేశ్వరస్వామి సన్నిధికి చేరు జనసముద్రమునకు చాలదు. చాలవలసిన పనియు లేదు. అరుగు చుట్టు కూడిన నలుబదిమందికి చాలును. ఆ కొలతయే దాని గొప్పతనము. అంతటి వాద్యము ప్రక్కన మానవకంఠము మైకు లేకయే నిలువగలదు. తీగ గొంతును మ్రింగదు. ధ్వని స్తంభముమీదినుండి గాక పాడువాని రొమ్మునొద్దనుండియే వచ్చును. వినువాడు ఎవరి ముఖము చూచుచున్నాడో వాని పాటనే వినును.

కావున నేను కోరునది ఒక్కటే. మన పాఠశాలలందు అయస్కాంతము, తీగచుట్ట అను పాఠమును నల్లబల్లతో ముగింపక, కొన్ని వందల రూపాయల ఖర్చుతో ఇట్టి వాద్యమును పిల్లలచేత చేయింపవలెను. ఆ పిల్లలే రేపు తమ తాతల తంబురలకును ఈ సదుపాయము కల్పింపవలెను. ఇత్తడి తీగలకు అయస్కాంతపు చుట్ట పనికిరాదు. తీగలు ఆను గుర్రము క్రింద పైజో బిళ్ల నుంచినచో చాలును.

ఆ గిటారు ఇంకను కొంచెము గురగురలాడుచున్నది. శ్రుతియు అప్పుడప్పుడు జారుచున్నది. అయినను మొన్న రాత్రి కరెంటు పోయి వీధి యంతయు చీకటియైనప్పుడు, మా యరుగుమీద వాని పాట ఆగలేదు.