గాలిలో రొయ్య

ఆదివారం పూట రొయ్యలు వేగుతున్న ఇంట్లో ఒక్కోసారి ఒక మనిషి వంటింటి వైపు రాకుండా వీధి అరుగు మీదే కూర్చుని కనిపిస్తారు. పిన్నో, మేనమామో, కొత్తగా వచ్చిన కోడలో. రొయ్యలు పడవు వాళ్లకి. తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు కాబట్టి వాళ్ల విస్తట్లో వేరే కూర పడుతుంది. అయితే ఆ మనిషి లోపలికి కూడా ఎందుకు రావడం లేదన్నదే ఎవరికీ అంతుపట్టదు. "తినమనలేదుగా! వాసనకే ఏమైపోతుంది? చోద్యం కాకపోతే" అని ఓ మాట అనేసి గరిటె తిప్పుతారు.

వాసనకి నిజంగానే ఏమీ కాదు. అయ్యేదల్లా వాసనతో పాటు ఆవిరిలో లేచే ఇంకో వస్తువు వల్ల. దానికి రంగు లేదు, తనకంటూ వాసనా లేదు. రొయ్య కండలో ఉండే ఒక మాంసకృత్తు అది. పేరు ట్రోపోమయోసిన్. గుప్పిట్లోంచి రొయ్య చివాలున తోక కొట్టి తప్పించుకుంటుందే, ఆ కండ ముడుచుకోవడాన్నీ సడలడాన్నీ అదుపులో పెట్టేది ఇదే. మన కండల్లోనూ దీని జ్ఞాతి ఒకటి ఉంది. దాన్ని ఒళ్లు తనదిగానే ఎంచుతుంది. రొయ్యది మాత్రం కొందరికి పరాయిదిగా తోస్తుంది. 1946లో కెన్నెత్ బెయిలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ట్రోపోమయోసిన్ గురించి మొదటిసారి లోకానికి చెప్పినప్పుడు, అది ఎవరి ఊపిరికో అడ్డం పడుతుందని ఊహించి ఉండడు.

ఉడికిస్తే దాని పని అయిపోతుందిలే అనుకుంటాం. కాదు. రొయ్యకు లేవా బారెడు మీసాలు అని సామెతలో దాన్ని తేలిక చేసేశాం గానీ, మీసాల సంగతెలా ఉన్నా దాని మాంసకృత్తుది మాత్రం మొండి ప్రాణం. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు గారి బృందం మన తీరంలో దొరికే తెల్ల రొయ్య మీదే పనిచేసి, వేడికి చెక్కుచెదరని ఎలర్జీ కారకాలను 1989లో వేరు చేసింది. వాటిలో ముఖ్యమైనది ట్రోపోమయోసినే అని 1993లో అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి తేల్చింది. అది ఉడికిన నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు తెర్లితే తుంపరతో పాటు గాలికెక్కుతుంది. అరుగు మీద కూర్చున్న పిన్ని లోపలికి రాకపోవడంలో చోద్యమేమీ లేదన్నమాట.

ఇంట్లో అయితే అరుగు ఉంది. కాసేపు ఓపిక పడితే కూర దిగిపోతుంది. రొయ్యల ఫ్యాక్టరీలో పని అలా కాదు. కాకినాడ, భీమవరం, విశాఖ, నెల్లూరు చుట్టుపక్కల తెల్లారకముందే ఊళ్లలోకి బస్సు వస్తుంది. ఆడవాళ్లు ఎక్కుతారు. తలకి టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకి గమ్‌బూట్లు, చేతికి తొడుగులు. ఐసు నీళ్లలో మునిగిన రొయ్యలు ట్రేల కొద్దీ ముందుకొస్తూ ఉంటాయి. తల తీసేవాళ్లు కొందరు, ఒలిచేవాళ్లు కొందరు, నరం తీసేవాళ్లు కొందరు. పక్కన సైజు ప్రకారం వేరు చేసేవాళ్లు. చెరువు గట్టు మీద రైతు ధర గురించి పడే బెంగ మనకు పేపర్లలో తరచూ కనిపిస్తుంది. ఒలిచే చేతుల సంగతి అంతగా కనిపించదు. వాళ్లు పీల్చే గాలి సంగతి ఇంకా తక్కువ.

కొత్తగా చేరిన పిల్ల మొదటి రోజు ఆ నీచు వాసనకి ముక్కు ముడుచుకుంటుంది. కాసేపటికే అలవాటైపోతుంది. మన ముక్కు స్వభావమే అంత, ఒకే వాసన అదే పనిగా తగులుతుంటే పట్టించుకోవడం మానేస్తుంది. ఇంటికెళ్లి తలంటుకున్నా జుట్టులో వాసన ఉందని పిల్లలు అంటారు గానీ తనకి తెలియదు. ముక్కు ఊరుకున్నంత మాత్రాన ఊపిరితిత్తులు ఊరుకోవు.

అందరికీ ఏదో అవుతుందని కాదు. చాలామంది ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉండి హాయిగానే ఉంటారు. కొందరికి మాత్రం నెలలో, ఏళ్లో గడిచాక ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ముందు తుమ్ములు, కళ్లు దురద, ముక్కు కారడం. ఐసు గదుల్లో పని కదా, పడిశం అనుకుంటారు. తర్వాత ఎప్పుడో రాత్రిపూట గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. సెలవు రోజున తగ్గినట్టుంటుంది. మళ్లీ పనిలోకి వెళ్లగానే మొదటికొస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉన్నావుగా, ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకొచ్చింది?" అని అడిగేవాళ్లకి ఆమె ఏమని జవాబు చెబుతుంది?

ఇక్కడే కొలత అవసరం పడింది. కనపడని దాన్ని, వాసన పట్టలేనిదాన్ని ఎలా కొలవాలి? కొలిచేవాళ్లు చేసే పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. గుప్పెడంత పంపు ఒకటి పనిచేసే మనిషి నడుముకు కడతారు. దాని గొట్టం వీపు మీదుగా భుజం ఎక్కి వచ్చి, ముక్కుకి దగ్గరగా మెడపట్టీ మీద ఆగుతుంది. అక్కడ ఒక చిన్న డబ్బీ, అందులో పల్చటి ఫిల్టరు. పంపు నిమిషానికి 2 లీటర్ల చొప్పున గాలి లాగుతుంది. 8 గంటల షిఫ్టు అయ్యేసరికి 960 లీటర్లు, అంటే ఇంచుమించు ఒక ఘనపు మీటరు. ఒళ్లొంచి పనిచేసే మనిషి అదే షిఫ్టులో పీల్చేది దానికి పది రెట్లు ఉంటుందని ఒక లెక్క. ఎంత నమ్మకంగా పక్కనే నడిచినా పంపు ఆమెతో సమానంగా ఊపిరి తీయలేదు.

సాయంత్రం ఆ ఫిల్టరు ప్రయోగశాలకు వెళుతుంది. అక్కడ ట్రోపోమయోసిన్‌ను గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీలతో పరీక్షిస్తారు. ఫలితం నానోగ్రాముల్లో వస్తుంది. గ్రామును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి నానోగ్రాము. రొయ్యల వ్యాపారం టన్నుల్లో మాట్లాడుతుంది, జబ్బు నానోగ్రాముల్లో. రెండూ ఒకే షెడ్డులోవే.

ఇలా కొలిస్తే తెలిసే సంగతులు కొన్ని వింతగా ఉంటాయి. ఒకే హాల్లో, ఒకే రోజున, ఈ బల్ల దగ్గర ఒక అంకె, ఆ బల్ల దగ్గర మరో అంకె. ఎవరి హోదా ఏమిటన్నదాని కంటే చేతిలో పని ఏమిటన్నదే లెక్కకొస్తుంది. ఉడకబెట్టే చోట, గుల్ల పగలగొట్టే చోట గాలి మారిపోతుంది. రొయ్యను ముట్టుకోనైనా ముట్టుకోకుండా, గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి బల్లలు కడిగే మనిషి చుట్టూ లేచే తుంపర కూడా తక్కువదేం కాదు. ఒలిచే ఆమెకు పడిశమంటే సరేననుకున్నా, కడిగే ఆమెకు పడిశమంటే ఎవరికి తడుతుంది?

స్కాట్లండులో ఒక చోట రొయ్య తోకలోంచి కండను బయటికి తీయడానికి ఒత్తిడి గాలిని వాడేవారు. ఫట్‌మని ఊదితే కండ బయటపడేది. పని చకచకా సాగేది. అక్కడివాళ్లకు ఆయాసం ఎందుకొస్తోందో వెతుకుతూ వెళ్లిన డాక్టర్లు 1980లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ సంగతి రాశారు. గాలి బదులు నీటి ధార వాడటం మొదలుపెట్టాక గాల్లోకి లేచేది తగ్గింది. ఊదడం వల్ల కండతో పాటు ఇంకేం లేస్తోందో ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లకి తట్టలేదు, అంతే. ఎవరికి తడుతుంది చెప్పండి.

ఒక్కోసారి కారణం అనుకున్న చోట ఉండదు కూడా. జపాన్‌లోని హిరోషిమా తీరంలో ఆల్చిప్పలు పగలగొట్టి మాంసం తీసేవాళ్లకి ఉబ్బసం వచ్చేది. నేరం చివరికి ఆల్చిప్పది కాదని తేలింది. దాని పెంకుకి అతుక్కుని పెరిగే వేరే సముద్ర జీవి ఒకటుంది. దాన్ని కొట్టి రాల్చేటప్పుడు చిమ్మే రసమే అసలు కారణం.

వీటన్నిటిలో మనసుని పట్టి ఆపే కథ మాత్రం కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌ది. అక్కడ వందల ఏళ్లుగా కాడ్ చేపే అన్నం. పట్టీ పట్టీ అది తరిగిపోయి, 1992 జులైలో ప్రభుత్వం వేట ఆపేసింది. వేల కుటుంబాలు ఒక్కసారిగా పనిలేక నిలబడ్డాయి. తర్వాత మంచు పీతా, రొయ్యా ఆదుకున్నాయి. మూతపడుతుందనుకున్న చేపల ఫ్యాక్టరీ పీతల ఫ్యాక్టరీగా తలుపు తీస్తే ఊరు ఎంత ఊపిరి పీల్చుకుని ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఆ పీల్చిన ఊపిరే కొందరికి చేటయింది. పొరుగున క్యూబెక్‌లో పీతల ఫ్యాక్టరీ కార్మికుల ఉబ్బసం గురించి డాక్టర్లు 1984 నాటికే రాసిపెట్టి ఉంచారు. న్యూఫౌండ్‌లాండ్‌లో కూడా అదే మొదలైంది.

పని మానేయొచ్చుగా అనడం తేలిక. ఆ ఊళ్లలో పీతల పని ఏడాది పొడవునా ఉండదు, కొన్ని నెలలే. ఆ నెలల్లో ఇన్ని గంటలు చేస్తేనే చలికాలమంతా నిరుద్యోగ భృతి వస్తుంది. ఫ్యాక్టరీ తప్ప వేరే ఆధారం లేని ఊరు. అందుకని జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని, సీజను అయ్యేదాకా నెట్టుకొచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. చెబితే పని పోతుందేమోనని కొందరు చెప్పలేదు. సెయింట్ జాన్స్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, క్యూబెక్ నుంచి వచ్చిన డాక్టర్లు ఆ ఊళ్లకి వెళ్లి, గాలిని కొలవడంతో పాటు ఆ మనుషులు చెప్పేది కూడా విన్నారు. రెండూ కలిపి రాశారు.

ఆ రెండూ కలిపి రాయడమే నాకు నచ్చిన సంగతి. మామూలుగా అంకె వచ్చాక మనిషి మాట పక్కకు పోతుంది. నిజానికి ఫిల్టరు మీద తేలిన నానోగ్రాములు ఆమె ఎప్పటి నుంచో చెబుతున్నదాన్నే మరో భాషలో చెప్పాయి. ఆమె మాట విననివాళ్లు కూడా అంకె చెబితే వింటారు కాబట్టి దాని పని దానికి ఉంది, ఉండాలి. అయినా ఒక్క రోజు షిఫ్టు కొలిచిన పంపు ఎక్కడ, పదేళ్లుగా ఆ గాలినే పీలుస్తున్న ఛాతీ ఎక్కడ?

1700లో ఇటలీలో బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఓ పుస్తకం రాశాడు. రోగి ఇంటికెళితే ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ నాటి నుంచి అడుగుతున్న ప్రశ్నలతో పాటు మరొకటి కూడా అడగమన్నాడు: నువ్వు చేసే పని ఏమిటి? దానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

మన దగ్గర ఆ పడిశాలూ ఆయాసాలూ మొదట చేరేది పెద్దాసుపత్రికి కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గారి బల్ల దగ్గరికి, సాయంత్రం బస్సు దిగాక. "దగ్గు తగ్గట్లేదండీ" అంటుంది ఆమె. మాత్రలు పొట్లం కట్టే ముందు ఆయన ఆ ప్రశ్న అడిగితే, "రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తున్నానండీ" అంటుంది. ఆ వెంటనే అడగాల్సిన రెండోది ఇంకా చిన్నది: "సెలవు రోజున ఎలా ఉంటుందమ్మా?" ఆ రోజు బాగానే ఉంటుందండీ, పనిలోకెళ్తేనే మళ్లీ, అని ఆమె మొదలుపెడితే, కుర్చీ చూపించి మిగతాది కూడా చెప్పమనొచ్చు.