బాణం గుర్తుకి లోయ తెలియదు

మధ్యాహ్నం రెండు గంటలు. శేషాచలం కొండల్లో ఓ ఇరుకు లోయ. అటవీశాఖ అనుమతి తీసుకుని బయల్దేరిన ఏడుగురం బండలమీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. నలభై నిమిషాలు ఎవరమూ అక్కణ్నుంచి కదల్లేదు. తిన్నాక మావాడొకడు జీపీఎస్ పరికరం తీసి చూశాడు. అన్నం తిన్నంతసేపట్లో మేం నాలుగు వందల మీటర్లు నడిచామట! తెరమీద మా దారి కోడి కెలికినట్టు ఉంది. పడీపడీ నవ్వుకున్నాం.

సాయంత్రానికి ఆ నవ్వు మాయమైంది.

తిరుగు ప్రయాణంలో లోయలోంచి గట్టెక్కాక మావాడు మళ్లీ పరికరం తీశాడు. 'మన జీపు ఇక్కడికి మూడొందల మీటర్లే' అన్నాడు. బాణం గుర్తు ఎడమవైపు చూపిస్తోంది. అటు వెళ్తే గంటన్నర నడక తప్పుతుంది. మాకు దారి చూపిస్తున్న పెద్దాయన మాత్రం 'ఆ పక్క దోవ లేదు సామీ' అన్నాడు. మేం విన్లేదు. ముళ్లపొదలు తప్పించుకుంటూ ఇరవై నిమిషాలు నడిచాం. ఒక్కసారిగా కాళ్లముందు అగాధం! అవతలి గట్టుమీద మా జీపు కనిపిస్తూనే ఉంది. దూరం నిజంగానే మూడొందల మీటర్లు... రెక్కలున్న పిట్టకి. వెనక్కి వచ్చి పాతదారి పట్టేసరికి చీకటిపడింది. సీసాల్లో నీళ్లు అయిపోయాయి. మాలో ఒకమ్మాయి కాలు మడతపడింది. జీపు దగ్గరికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర.

ఒకే రోజు, ఒకే పరికరం. మధ్యాహ్నం తప్పు చెప్పింది, నవ్వుకున్నాం. సాయంత్రం నిజమే చెప్పింది, మోసపోయాం. ఎందుకలా?

గోడకు కొట్టిన బంతి

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అవి తామెక్కడున్నదీ, సంకేతం పంపిన సమయమెంతో చెబుతుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి మన చేతిలోని పరికరం దూరాన్ని లెక్కగడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మన చోటు తేలుతుంది. ఇదంతా ఎంత సున్నితమైన లెక్కంటే, సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు మారిపోతుంది.

ఆరుబయట, ఆకాశం నిండుగా కనిపించేచోట మంచి పరికరం సాధారణంగా 5 నుంచి 10 మీటర్ల తేడాతో మన చోటు చెప్పేస్తుంది. ఇరుకు లోయలో ఆ పప్పులుడకవు. రాతిగోడలు సగం ఆకాశాన్ని మూసేస్తాయి. కొన్ని సంకేతాలు గోడకు కొట్టిన బంతిలా తగిలి, చుట్టు తిరిగి వస్తాయి. దాంతో దూరం ఎక్కువని పరికరం పొరబడుతుంది. దట్టమైన చెట్లు, తడిసిన ఆకులు సంకేతాన్ని బలహీనపరుస్తాయి. మేం కూర్చున్నచోటే నాలుగు వందల మీటర్లు 'నడవడానికి' కారణమదే.

ఎత్తు విషయంలో తేడా ఇంకా ఎక్కువ. ఉపగ్రహాలన్నీ నెత్తిమీదే ఉంటాయి కానీ కాళ్లకింద ఉండవు కదా!

2000 సంవత్సరం మే నెల మొదటివరకూ సామాన్యులకు అందే సంకేతాల్లో అమెరికా ప్రభుత్వమే కావాలని తేడా కలిపేది. అప్పట్లో తప్పు వంద మీటర్ల దాకా వెళ్లేది. దాన్ని ఆపేశాకే ఈ పరికరాలు కొండలెక్కేవారికి అక్కరకొచ్చాయి. ఆ తర్వాత మనమూ సొంత ఉపగ్రహాలు పంపాం. మన నావిక్ వ్యవస్థలో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచే వెళ్లింది. అందే ఉపగ్రహాలు పెరిగేకొద్దీ లెక్క మెరుగవుతుంది. కానీ ఎన్ని పంపినా రాతిగోడ అడ్డు తప్పుకోదుగా!

అది అంచనా మాత్రమే

తెరమీద '5 మీటర్లు' అని కచ్చితత్వం చూపిస్తుంటే చాలామంది అది హామీ అనుకుంటారు. కాదు. అది పరికరం తనకు తాను వేసుకున్న అంచనా. అసలు చోటేదో దానికి తెలిస్తే కదా తేడా కొలవడానికి! పైగా అది చెప్పేది మనం ఎక్కడున్నామనే. గమ్యం వైపు చూపే బాణం గుర్తు నేరుగా గీసిన గీత. మధ్యలో లోయ ఉందో వాగు ఉందో దానికి పట్టదు.

మీ అబ్బాయో అమ్మాయో స్నేహితులతో ట్రెక్కింగ్‌కి వెళ్తానంటే వద్దనకండి. ఈ నాలుగు మాటలు చెప్పి పంపండి.

* బయల్దేరేచోట ఆరుబయట కొద్ది నిమిషాలు పరికరాన్ని ఆన్‌చేసి ఉంచి, ఆ చోటును గుర్తు పెట్టుకోవాలి. నడిచిన దారిని నమోదు చేస్తూ వెళ్లాలి. వచ్చేటప్పుడు బాణం గుర్తును కాదు, ఆ దారిని పట్టుకోవాలి.

* పరికరాన్ని సంచి అడుగున పడేయకూడదు. ఆకాశం కనిపించేలా భుజం దగ్గర తగిలించుకుంటే మేలు. అదనపు బ్యాటరీలు తప్పనిసరి.

* కాగితం పటం, దిక్సూచి వెంట ఉండాలి. పాత సర్వే పటాలకూ జీపీఎస్‌కూ కొలత పద్ధతి వేరు. పరికరంలో సరిచేసుకోకపోతే వంద మీటర్లకు పైగా తేడా రావచ్చు.

* తెర ఒకటి చెప్పి కళ్లు ఇంకోటి చెబితే, ఆగి చుట్టూ చూడాలి. ముందుకు పోకూడదు.

ఆ రాత్రి జీపు దగ్గర పెద్దాయన్ని అడిగాను, ఇంత అడవిలో దారి ఎలా గుర్తుంటుందని.

'పొయ్యేటప్పుడే మధ్యమధ్యలో ఎనక్కి తిరిగి చూసుకుంటా పోవాల సామీ. వచ్చేటప్పుడు కండ్లకు కనపడేది అదే కదా!' అన్నాడు.

పొద్దున్నుంచీ ఆయన అలా తిరిగి చూస్తూనే ఉన్నాడు. మేమేమో తెర చూసుకుంటూ నడిచాం.